ఎన్ని మార్కులు వస్తే ఇస్తారు?

ఎమ్మిగనూరు,
11-9-1977

చి. దత్తుకు,

అక్క దీవెనలు. అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నిజానికి ఆదోని పత్తి మార్కెట్ యార్డు ఉద్యోగంలో దుమ్ము పీల్చి మీ బావకు దగ్గు, ఎనిమిదో తరగతితో అరిచి నాకు గొంతు లేదు. ఇద్దరం సైగలతో కాపురం చేస్తున్నాం.

నిన్న ఆయన యార్డులో ఒక వార్త విని వచ్చారు. మీ యూనివర్సిటీ వాళ్లు మన పక్క హైస్కూళ్లను కొన్నిటిని ఎంచుకుని, లెక్కలు చెప్పే పద్ధతి బాగు చేస్తారట. ఆ పథకానికి కార్యదర్శివి నువ్వేనట. తోడబుట్టిన అక్క పన్నెండేళ్లుగా లెక్కల టీచరు. ఆమెకు ఈ సంగతి పత్తి దళారుల నోటి నుంచి తెలియాలా? సరే, కోపం తర్వాత పడతాను. ముందు పని చెబుతాను.

మా బాలికల హైస్కూల్లో తొమ్మిదో తరగతి నుంచి తేలిక జనరల్ లెక్కలే. పెద్ద లెక్కలుండే కాంపోజిట్ సెక్షన్ లేదు. కాంపోజిట్ చదవని పిల్లకు ఇంటర్లో లెక్కల గ్రూపు ఇవ్వరు. అంటే పధ్నాలుగేళ్లకే ఆ దారి మూసేసినట్టు. ఎవరు మూశారని అడిగితే ఎవరూ కాదు, సెక్షన్ లేదు అంతే. ఇదే ఊళ్లో మగపిల్లల స్కూల్లో ఉంది. నేను ఎక్కడ చదివానో నీకు తెలుసు. ఆదోనిలో మగపిల్లల బడి, గోడవారగా విడిగా వేసిన బెంచీ, దాని మీద నేనొక్కదాన్ని. నాన్న హెడ్మాస్టరు చుట్టూ తిరిగి తిరిగి సంపాదించిన బెంచీ అది. మళ్లీ ఏ ఆడపిల్లా అట్లా కూర్చోకూడదని నా పట్టుదల.

పై ఆఫీసులో అడిగాను. మా బడికి కాంపోజిట్ నడిపే శక్తి ఉందని యూనివర్సిటీ సిఫారసు రాస్తే, వచ్చే జూన్‌లో సెక్షన్ ఇస్తామన్నారు. ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నవాళ్లు జూన్ దాటితే జనరల్లో పడిపోతారు. మీ పథకంలో మా బడి ఉండాలి. నేను నిన్ను అడుగుతున్నది అదొక్కటే.

ఇంకొకటి ఉంది, కానీ అది నా సందేహం. హనుమంతమ్మ అని ఒక పిల్ల, మగ్గం నేసే ఎల్లప్ప కూతురు. మొన్న క్లాసులో లేచి, "మైనస్ మూడును మైనస్ నాలుగుతో గుణిస్తే ప్లస్ పన్నెండు ఎట్లయితాది టీచర్? లేనిదాన్ని లేనన్నిసార్లు ఏస్తే ఉండేది యాడినుంచి వచ్చె?" అని అడిగింది. అది సూత్రం, రాసుకో అన్నాను. రాసుకుంది గానీ నమ్మలేదు. ఎనిమిదో తరగతికి అర్థమయ్యేటట్టు దీన్ని ఎట్లా చెప్పాలో రాయి. వీలైతే ఒకసారి వచ్చి నా క్లాసులో చివరి బెంచీ మీద ఒక్క పీరియడు కూర్చో. అక్కడినుంచి చూస్తే మాకు ఏం కావాలో నీకే తెలుస్తుంది.

నీ అక్క,
కృష్ణాబాయి


యూనివర్సిటీ క్వార్టర్లు,
25-9-1977

అక్కా,

నమస్కారాలు. నీ ఉత్తరం చదువుతుంటే చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెబితే నువ్వు పెట్టే మొట్టికాయ గుర్తుకొచ్చింది. పథకం సంగతి మంజూరు కాగితం వచ్చాక రాద్దామనుకున్నాను. పత్తి దళారులు మా యూనివర్సిటీ కంటే చురుకు, ఏం చేయను!

ఇది మామూలు పథకం కాదక్కా. ఇన్నాళ్లూ యూనివర్సిటీ ఒక లోకం, బడి ఒక లోకం. బట్టీయం పోవాలి, పిల్లలు ఆలోచించాలి, అదే మా ప్రొఫెసర్ కల. సమితులతో మొదలుపెట్టి బీజగణితం దాకా కొత్త పద్ధతిలో పాఠాలు రాస్తున్నాం. ఆదోని, ఎమ్మిగనూరుల్లో మూడు బడులే తీసుకుంటాం. ముందు అన్ని బడుల్లో ఎనిమిదో తరగతికి ఒక చిన్న పరీక్ష. దాన్నిబట్టి ఎంపిక. పరీక్ష గురించి ఇంతకన్నా చెప్పకూడదు. ఫలితాన్ని ఏ లెక్కన చూస్తామో బడులకు ముందే తెలియకూడదని ప్రొఫెసర్ గారి నియమం. నువ్వు నా అక్కవి కాబట్టి నీ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మైనస్ ఇంటూ మైనస్ గురించి రెండు పేజీలు జతచేశాను. విభాగ న్యాయం నుంచి మొదలుపెట్టి ఏడు మెట్లలో నిరూపించాను. చాలా అందంగా ఉంటుంది, చూడు.

జీపు దొరికిన రోజు నేనూ వస్తాను. బావగారికి దగ్గు మందు వాడమని చెప్పు.

తమ్ముడు,
దత్తాత్రేయ


ఎమ్మిగనూరు,
30-10-1977

చి. దత్తుకు,

దీవెనలు. కొంచెం పొగడ్తలు కూడా ఇచ్చేదాన్ని, నువ్వు వచ్చి హెడ్మిస్ట్రెస్ గదిలో మిరపకాయ బజ్జీలు తిని, గుమ్మంలోంచి నాకు చెయ్యి ఊపి జీపెక్కి ఉండకపోతే. నా క్లాసు ఆ గదికి ఎదురుగానే ఉంది నాయనా. చివరి బెంచీ ఖాళీ చేయించి తుడిచి మరీ పెట్టాను.

పోనీలే. పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది, అందుకని క్షమించాను. మా హెడ్మిస్ట్రెస్ తులసీబాయిగారు ఇన్స్పెక్షన్లకు పేరుమోసిన మనిషి. మీ కాగితం రాగానే నన్ను పిలిచి, "యూనివర్సిటీ వాళ్లు వచ్చేది మన బడి మొగం చూసేకే కదా కృష్ణా. లెక్కలు రాని పిల్లలు ఆ పొద్దు ఇంట్లోనే ఉండనీ. ఆ జాగాలో తొమ్మిదో తరగతి నుంచి గట్టి పిల్లల్ని నలుగురైదుగురిని కూర్చోబెట్టు" అన్నారు. ఏ ఇన్స్పెక్షన్‌కైనా మేం చేసేదే ఇది. గోడలకు సున్నం కొట్టించారు. నేను వారమంతా పొద్దున్నే పిలిపించి భిన్నాలు రుబ్బాను. హనుమంతమ్మ ముందు బెంచీలో కూర్చుంది. మీతో వచ్చిన కుర్ర లెక్చరర్ కాగితాలు చూసి, "ఈ పక్క ఇంత బాగా రాసిన బడి లేదండీ" అన్నాడు. తులసీబాయిగారు ఆ సాయంత్రం మంత్రాలయం వైపు తిరిగి దండం పెట్టారు.

ఇక సిఫారసు రాయడమే తరువాయి. ఆలస్యం చేయకు.

నీ రెండు పేజీలు మూడుసార్లు చదివాను. నాకు అర్థమైంది. అర్థమైనదాన్ని ఎనిమిదో తరగతిలో చెబితే, పిల్లలు హనుమంతమ్మ వైపు జాలిగా చూశారు, నీవల్లే మాకింత వచ్చిందని. అందం నాకు కనపడింది దత్తూ, వాళ్లకు కనపడే దారి కావాలి.

అక్క,
కృష్ణాబాయి


యూనివర్సిటీ క్వార్టర్లు,
5-12-1977

అక్కా,

ముందు అభినందనలు. పరీక్షలో మీ బడి అన్నిటికన్నా పైన ఉంది. రెండోది మీకు చాలా దూరంలో ఉంది. కమిటీలో నీ పేరు చదివినప్పుడు మా అక్క అని చెప్పుకున్నాను.

ఎంపిక కూడా పూర్తయింది. వెనకబడిన బడులను తీసుకోవాలన్నది పథకం నియమం కనుక, ఆదోనిలో రెండు, మీ ఊళ్లో మగపిల్లల హైస్కూలు తీసుకున్నాం. మీ బడికి మా సహాయం అవసరం లేదని కమిటీ రాసింది. ఇంతకన్నా గొప్ప మాట ఏముంటుంది? చట్రం కట్టించి గోడకు పెట్టుకోవచ్చు.

సిఫారసులు పథకంలో ఉన్న బడులకు మాత్రమే ఇవ్వాలని తీర్మానం. మరి అంత మంచి ఫలితం ఉన్నవాళ్లకు సెక్షన్ ఏ ఆఫీసైనా ఇస్తుందిలే. ఇంక నీకు బెంగ లేదు.

దత్తు


ఎమ్మిగనూరు,
12-12-1977

దత్తూ,

ఇవాళ ఏకాదశి. ఉపవాసంతో ఉన్నాను, కాబట్టి ఏం రాసినా కడుపు మంట అనుకో.

నువ్వు గోడకు పెట్టుకోమన్న మాటను తులసీబాయిగారు నిజంగానే పెట్టించారు. బడికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తున్నారు. 'సహాయం అవసరం లేదు.' నేను దాని కింద నుంచే క్లాసుకు పోవాలి. పై ఆఫీసుకు పట్టుకుపోయాను. గుమాస్తా చదివి, "యూనివర్సిటీ వాళ్లే మిమ్మల్ని తీసుకోలేదు కదమ్మా, మేమెట్ల ఇచ్చేది?" అన్నాడు. నీకు బెంగ లేదన్నావే, ఆయనకూ లేదు.

పాసైతే పోగొట్టుకునే పరీక్ష ఒకటి ఉంటుందని మాకు ఎవరు చెప్పారు? ఈ దేశంలో ఏ బడికైనా పైనుంచి మనుషులు వస్తే ఏం చేస్తారు? రాని పిల్లల్ని ఇంట్లో ఉంచి, వచ్చిన పిల్లల్ని ముందు కూర్చోబెడతారు. నువ్వు చదివిన బడిలోనూ అదే చేశారు. ఇన్స్పెక్టరు వచ్చినప్పుడల్లా నిన్ను ముందు బెంచీలోకి లాగేవాళ్లు, మరిచావా? ఇవాళ్టి నీ పెద్ద చదువు ఆ సంగతి మరిపించిందా?

మా ఎనిమిదో తరగతిలో సగం మందికి భాగహారం రాదు. రాదు కాబట్టే మీరు కావాలి. గట్టివాళ్లు పదిమంది ఉన్నారు కాబట్టే కాంపోజిట్ కావాలి. ఈ రెండూ ఒకే గదిలో ఉంటాయని, ఒక్క పీరియడు కూర్చుని ఉంటే నీకు కనిపించేది.

కమిటీకి చెప్పి పరీక్ష మళ్లీ పెట్టించు. ఈసారి అందరూ రాస్తారు. నా మాట.

కృష్ణాబాయి


యూనివర్సిటీ క్వార్టర్లు,
8-1-1978

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తొమ్మిదో తరగతి పిల్లలు కూర్చున్నారా? రానివాళ్లను ఇంట్లో ఉంచారా? అక్టోబరులో నువ్వు రాసింది నేను సరదా మాటలనుకున్నాను. పరీక్ష అంతా మీ మంచికే పెట్టాం, దాన్ని మీరు నాటకం చేశారు. ఇది బయటికి వస్తే కార్యదర్శి అక్క బడిలోనే మోసం అంటారు. మా ప్రొఫెసర్ ముందు నా మొహం ఎట్లా ఉంటుందో ఆలోచించావా?

అయినా నీ కోసం ప్రయత్నించాను. రెండో విడత పరిశీలన అని పేరు పెట్టి మీ ఒక్క బడికి మళ్లీ పరీక్ష ఒప్పించాను. కాగితాలు పోస్టులో వస్తాయి, నువ్వే పెట్టి సీలు వేసి పంపాలి. నీ మీద అంత నమ్మకం ఉంచుతున్నాం.

వచ్చే నెలలో ఆదోనిలో లెక్కల టీచర్లకు మూడు రోజుల శిక్షణ ఉంది. పథకంలో లేకపోయినా నీకు పిలుపు పంపించాను. రా. కొత్త పద్ధతులు చూస్తే నీ కోపం తగ్గుతుంది.

దత్తాత్రేయ


ఎమ్మిగనూరు,
26-2-1978

చి. దత్తుకు,

దీవెనలు, అవి మాత్రం ఎప్పుడూ ఉంటాయి.

శిక్షణకు వచ్చాను కదా, వేదిక మీద నుంచి నువ్వు నన్ను చూశావు కూడా. మూడు రోజులూ సమితులు. ఉపసమితి, శూన్యసమితి. మా ఊరి ఆడపిల్లల కాంపోజిట్ సెక్షన్‌ను శూన్యసమితికి ఉదాహరణగా చెప్పవచ్చా అని అడగాలనిపించింది, నీ పరువు కోసం ఊరుకున్నాను. మూడో రోజు మాత్రం లేచి, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు అవుతుందో పిల్లలకు ఎట్లా చెప్పాలని అడిగాను. శిక్షణ ఇస్తున్న పెద్దమనిషి నవ్వి, "అది నియమం అమ్మా, పన్నెండేళ్ల సర్వీసులో మీకింకా ఆ అనుమానమా?" అన్నాడు. హాలంతా నవ్వింది. నువ్వు నవ్వలేదు, నిజమే. కాగితాలు సర్దుకుంటున్నావు.

ఆ రాత్రికి మా ఇంటికి వస్తావని జొన్నరొట్టెలు, గుత్తివంకాయ చేసి పెట్టాను. ఆదోని నుంచి గంట ప్రయాణం. మీ బావ బస్టాండులో చివరి బస్సు దాకా నిలబడి ఒక్కరే వచ్చారు. నువ్వు లాడ్జిలోనే ఉండిపోయావని తర్వాత తెలిసింది.

పరీక్ష పెట్టాను. తులసీబాయిగారు ఒప్పుకోలేదు. "గోడ మీద అంత మంచి మాట పెట్టుకొని, మనంతట మనమే బడి పరువు తీసుకునేదా? నేను వచ్చే ఏడు రిటైరవుతా ఉండాను కృష్ణా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆమె తప్పు కూడా లేదు. ఆమెను కాదని, ఎనిమిదో తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టాను. అప్పుడు ఇంట్లో ఉంచినవాళ్లను కూడా పిలిపించాను. ఒక్క అక్షరం చెప్పలేదు. మీ ప్రశ్నలు చదివి పిల్లలు నా మొహం చూస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. హనుమంతమ్మ మైనస్‌ల లెక్క వదిలేసింది. ఎందుకే అంటే, "నమ్మనిది ఎట్ల రాసేది టీచర్?" అంది.

కాగితాలు సీలు వేసి పంపాను. ఉన్నది ఉన్నట్టు పంపాను. జూన్ దగ్గరికి వస్తోంది.

అక్క,
కృష్ణాబాయి


యూనివర్సిటీ క్వార్టర్లు,
16-4-1978

అక్కా,

శిక్షణ రోజు రాత్రి ప్రొఫెసర్ గారు ఆదోని మిల్లు యజమానుల ఇంట్లో భోజనానికి రమ్మన్నారు, కాదనలేకపోయాను. బావగారు బస్టాండులో నిలబడ్డారని నాకు తెలియదు.

ఫలితాలు వచ్చాయి. చాలా తక్కువగా ఉన్నాయి. కమిటీ రాసింది ఇది: 'ఈ బడి విద్యార్థినులకు కాంపోజిట్ గణితం చదివే పునాది లేదు. జనరల్ గణితమే తగినది.' పథకంలోకి తీసుకుందామా అంటే ఈ ఏడాది బడుల సంఖ్య నిండిపోయింది.

ఇంకొక మాట. అడగాలా వద్దా అని చాలా ఆలోచించాను. మొదటిసారి అంత ఎక్కువ, రెండోసారి ఇంత తక్కువ రావడం చూసి, పథకంలో చేరడానికి ఈసారి కావాలనే తప్పులు రాయించారేమోనని ప్రొఫెసర్ గారికి అనుమానం వచ్చింది. నేను కాదనే చెప్పాను. కానీ నువ్వు ఒక్క మాట రాస్తే నాకు బలంగా ఉంటుంది. అట్లాంటిది ఏమీ జరగలేదు కదా?

దత్తు


ఎమ్మిగనూరు,
23-4-1978

దత్తాత్రేయకు,

ఎక్కువ మార్కులు వస్తే మా పిల్లలకు మీరు అక్కరలేదు. తక్కువ వస్తే మా పిల్లలకు కాంపోజిట్ అక్కరలేదు. ఎన్ని మార్కులు వస్తే ఇస్తారో ఆ అంకె ఒక్కటి రాసి పంపు. మీరంతా పెద్ద చదువులు చదివిన లెక్కల పండితులు, ఆ మాత్రం తేల్చలేరా?

నీ చివరి ప్రశ్నకు జవాబు రాయను. నీకు కూడికలు నేర్పిన చేతితో రాయను.

కృష్ణాబాయి


యూనివర్సిటీ క్వార్టర్లు,
18-6-1978

అక్కా,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మూడోది ఇది. నువ్వు రాసిన ప్రశ్నను కమిటీలో చదివి వినిపించాను. మా అక్క అడుగుతోంది, ఎన్ని మార్కులు వస్తే ఇస్తారు అని. ప్రొఫెసర్ గారు, "ఆ విషయం మన పరిధిలో లేదు" అని తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. ఆరోజు నుంచి నాకు ఆ గదిలో కూర్చోబుద్ధి కావడం లేదు.

తప్పులు రాయించారా అని అడిగి ఉండకూడదు. నిన్ను అడిగి ఉండకూడదు. జూన్ వచ్చేసింది. పిల్లలు ఏమయ్యారో రాయి.

దత్తు


ఎమ్మిగనూరు,
16-7-1978

చి. దత్తుకు,

దీవెనలు. నీ మీద కోపం పోలేదు, పిల్లల సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నాను.

సెక్షన్ రాలేదు. నేను ఇల్లిల్లూ తిరిగాను. గట్టి పిల్లల తండ్రులందరినీ అడిగాను, మగపిల్లల హైస్కూల్లో చేర్పించమని. ఎల్లప్ప మగ్గం గుంటలో కూర్చునే విన్నాడు. "మగపిల్లోల్ల బడికా తల్లీ? మా కులమోల్లు ఊరుకుంటారా? రేపు పిల్లను ఎవురు చేసుకునేది?" అన్నాడు. నేను కూడా అట్లాగే చదివానన్నాను. "నీవు పంతులింటి పిల్లవు. నిన్ను ఎవురేమంటారు?" అన్నాడు. లేచి వచ్చేస్తుంటే ఆ పిల్ల తల్లి మద్దమ్మ నూలు కండెలు చుడుతూ అంది, "టీచరమ్మ పిల్లను అడిగేకి మన గడప తొక్కె. ఇంకెవురన్నా తొక్కినారా? పేరు రాయించుకోనీ." అంతే. ఎల్లప్ప తల ఊపి మళ్లీ మగ్గం తొక్కడం మొదలుపెట్టాడు. చివరికి ఏడుగురు చేరారు.

నేను ఏం చేశానో తెలుసా దత్తూ? ఏ బెంచీ మీద ఇంకే ఆడపిల్లా కూర్చోకూడదని ఇన్నాళ్లు కొట్టుకున్నానో, ఏడుగురిని తీసుకెళ్లి ఆ బెంచీ మీదే కూర్చోబెట్టి వచ్చాను. గోడవారగా, వెనక. నాకు మంటగా ఉంది.

మా బడిలో పిల్లలు తగ్గారని పై ఆఫీసుకు కాగితం పోయింది. "నిన్ను పంపించమని నేను రాయలేదమ్మా, పిల్లలు తగ్గినారని మాత్రమే రాసినాను" అని తులసీబాయిగారు నా చేతులు పట్టుకున్నారు. ఆమె మాట నమ్మాను. నాకు చిప్పగిరి హైస్కూలుకు బదిలీ వచ్చింది. పరిపాలనా సౌలభ్యమట. మీ బావ ఆదోనిలో గది తీసుకుంటున్నారు. ఈ వయసులో రెండు పొయ్యిలు.

పోయే ముందు పిల్లల్ని చూసి వచ్చాను. ఆ బడి లెక్కల సారు మంచివాడే గానీ ఆడపిల్లల వైపు తిరిగి పాఠం చెప్పడట. సిగ్గట. హనుమంతమ్మ అంది, "మా దిక్కు ఒక్కసారన్నా సూడరు టీచర్. ప్రశ్న అడిగితే బోర్డుకు జవాబు చెప్తారు." ఇక నేను రోజూ వెళ్లి చూడలేను.

ఆ బడి మీ పథకంలో ఉంది. నీకు అక్కడికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చివరి బెంచీ మీద కూర్చో. నేను పది నెలల నుంచి అడుగుతున్నది ఇదే. ఇంక అడగను.

అక్క,
కృష్ణాబాయి


యూనివర్సిటీ క్వార్టర్లు,
13-8-1978

అక్కా,

వెళ్లాను. జీపు అడగలేదు. ఆదోనిలో రైలు దిగి బస్సెక్కాను, బావగారే సీటు పట్టి కూర్చోబెట్టారు. బస్టాండు సంగతి ఆయన ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

తొమ్మిదో తరగతి గదిలో, ఆడపిల్లల బెంచీల పక్కన చివరి బెంచీ మీద కూర్చున్నాను. పీరియడు మొత్తం. అక్కడినుంచి బోర్డు సగమే కనపడుతుంది, మిగతా సగానికి కిటికీ వెలుతురు అడ్డం. సారు మాట నాలుగో బెంచీ దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ ఏడుగురూ బోర్డును చూడటం మానేసి, ముందు కూర్చున్న మగపిల్లల పుస్తకాల్లోకి తొంగి చూసి దించుకుంటున్నారు. నేను పాఠ్యక్రమం మీద డెబ్బై పేజీల నివేదిక రాశాను అక్కా. అందులో కిటికీ లేదు.

పీరియడు అయ్యాక సారును అడిగి సుద్దముక్క తీసుకున్నాను. హనుమంతమ్మ ఎవరని అడిగాను. లేచింది. నీ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వచ్చానని బోర్డు మీద ఇట్లా రాశాను: మూడు ఇంటూ మైనస్ నాలుగు, మైనస్ పన్నెండు. దాని కింద, రెండు ఇంటూ మైనస్ నాలుగు, మైనస్ ఎనిమిది. ఒకటి ఇంటూ మైనస్ నాలుగు, మైనస్ నాలుగు. సున్నా ఇంటూ మైనస్ నాలుగు, సున్నా. తర్వాతి వరుసలో మైనస్ ఒకటి ఇంటూ మైనస్ నాలుగు అని రాసి, జవాబు చోటు ఖాళీ వదిలేశాను. రాత్రి రైల్లో ఆలోచించుకున్నది అంతవరకే. ఆ పైన ఏం చెప్పాలో నాకు అప్పటికి తెలియదు, మళ్లీ నా ఏడు మెట్లు ఎక్కించాలేమో అని భయపడ్డాను.

ఆ పిల్ల పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. "నాలుగు నాలుగు పెరుగుతానే వచ్చె గద సార్. సున్నా కాడికి వచ్చినాక ఎందుకు నిలబడాల?" అని వచ్చి నా చేతిలో సుద్దముక్క తీసుకుని, నాలుగు అని రాసింది. కింద ఎనిమిది, దాని కింద పన్నెండు. తిరిగి తన బెంచీ దగ్గరికి పోయి, "ఇది నమ్మొచ్చు" అంది. లెక్కల సారు బోర్డు వైపు కాక, మొదటిసారి ఆ పిల్ల వైపు చూశాడు.

బెంచీలు మధ్య వరుసలోకి మార్పించి వచ్చాను. హెడ్మాస్టరు సణిగాడు, పథకం నియమం అని చెప్పాను. అట్లాంటి నియమం లేదు.

నీకు కోపం తెప్పించేది ఒకటి చెప్పాలి. ప్రొఫెసర్ గారి వార్షిక నివేదికలో, పథకం ఫలితంగా ఏడుగురు బాలికలు కాంపోజిట్ గణితంలో చేరారు అని ఉంది. కార్యదర్శిగా నా సంతకం కావాలి. నేను పెట్టలేదు. ఇంకొకరిని కార్యదర్శిగా వేసుకుంటారట. వేసుకోనీ.

దత్తు


చిప్పగిరి,
27-8-1978

చి. దత్తుకు,

అక్క మనస్ఫూర్తిగా దీవెనలు. నీ ఉత్తరం స్టాఫురూములో చదవలేక, నీళ్లకుండ దగ్గరికి పోయి నిలబడి చదువుకున్నాను. ఆ పిల్ల అన్న మాట దగ్గర ఏడ్చాను. ఇక్కడి వాళ్లు ఊళ్లో ఎవరో పోయారనుకున్నారు.

ప్రొఫెసర్ గారు ఆ ఏడుగురినీ రాసుకోనీ. కాగితంలో వాళ్లు ఎవరి పిల్లలైనా, బోర్డు ముందు ఎల్లప్ప కూతురే కదా. నువ్వు సంతకం పెట్టకపోవడం మాత్రం మంచిపని.

ఇక్కడ గుంతకల్లు వైపు నుంచి దుమ్ము, వారానికి రెండు రోజులు నీళ్లు. మీ బావ శనివారం వచ్చి వండుకున్నది తిని, ఆదోని బస్సు పోతుందని హడావిడి చేస్తారు. ఈ బడిలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఎవరికీ కాంపోజిట్ లేదు. ఆ విషయంలో మాత్రం సమానత్వం ఉంది. మళ్లీ మొదటినుంచి అడగాలి, అడుగుతాను. నీకు దణ్ణం పెడతాను, ఈ ఊరి పేరు మీ కమిటీలో ఎత్తకు. ఎక్కడ పరీక్ష పెడతారో అని భయంగా ఉంది.

నిన్న ఎనిమిదో తరగతిలో నీ వరుస రాశాను. సున్నా దాకా రాసి నేనూ చోటు వదిలేసి పక్కకు జరిగాను. గది అంతా ఒకేసారి నాలుగు అని అరిచింది, పక్క క్లాసు మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. పన్నెండేళ్లుగా రాసుకో, రాసుకో అని చెప్పిన చోట అరుపు వినడం ఎట్లా ఉందో నీకు రాయలేను.

అరుపులు తగ్గాక మారెమ్మ అని ఒక పిల్ల, కూలిపని వాళ్ల అమ్మాయి, మెల్లగా లేచింది. "అయితే టీచర్, సున్నాతో భాగించకూడదు అని ఎందుకు చెప్తారు? భాగిస్తే ఏమయితాది?" అంది. రాసుకో అని నోటిదాకా వచ్చింది. మింగేసి, మా తమ్ముడు వచ్చి చెబుతాడని అన్నాను.

రెండు పేజీలు పంపవద్దు. నువ్వు రా. చివరి బెంచీ తుడిపించాను.

అక్క,
కృష్ణాబాయి